ట్యూటరు అన్న ఒక్క మాట

గురువారం నాలుగున్నరకు టీచరమ్మ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఉడుత పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కేశాయి. లెక్కల పుస్తకం ఒక్కటే బల్ల మీద మిగిలింది. అదీ పెట్టెలో పట్టక.

"ఈ పూట పాఠం లేదు టీచరమ్మా," అంది ఉడుత మేనత్త, పెట్టె మీద మోకాలు ఆనించి టేపు అంటిస్తూ.

టీచరమ్మ గొడుగు మూలకు పెట్టబోయి ఆగింది. ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు ఈ ఇంటికి వస్తోంది. రావడం, కుర్చీ లాక్కుని కూర్చోవడం, గంట కాగానే లేవడం. ఇన్నేళ్లలో ఎక్కడ కూర్చోవాలన్న అనుమానం రాలేదు. ఈ రోజు గుమ్మం దాటాలా వద్దా అన్నదే తేలడం లేదు. తను గంటసేపు వచ్చిపోయే మనిషా? లేక మొన్న సోమవారం లాయరు చదివి వినిపించిన వీలునామా ప్రకారం ఈ పిల్లకు పెద్దదిక్కా? పెద్దదిక్కయితే ఇలా గొడుగు పట్టుకుని నిలబడడమేమిటి?

ఉడుత కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పదమూడేళ్ల పిల్ల. అసలు పేరు వేరే ఉన్నా వాళ్ల నాన్న పిలిచిన పేరే బడిలో కూడా స్థిరపడిపోయింది. ఆ నాన్న పోయి ఇరవై రెండు రోజులైంది. అమ్మను ఫోటోలో చూడడమే తప్ప పిల్లకు గుర్తులేదు.

"పెట్టెలెక్కడికి సిస్టరు గారూ?" అంది టీచరమ్మ.

మేనత్త పట్నంలో పెద్దాసుపత్రిలో నర్సు. అందరూ సిస్టరు అనే పిలుస్తారు. ఆ పిలుపుకు అలవాటు పడ్డ మనిషే అయినా, ఇవాళ అది విని ముఖం ముడుచుకుంది.

"ఎక్కడికేమిటి. మా ఇంటికి. మంగళవారం నుంచి నాకు డ్యూటీ. ఇంకా సెలవు పొడిగించమని అడిగితే మేట్రన్ నన్ను మింగేస్తుంది. పిల్లను ఇక్కడ ఒంటరిగా వదిలి పోనా?"

"లాయరు గారు తొందరపడొద్దన్నారు కదా."

"ఆయనకేం, తొందరపడొద్దనే చెబుతాడు. మూడు గంటల బస్సు ప్రయాణం ఆయన చేస్తాడా?" మేనత్త టేపును పంటితో తుంచింది. తర్వాత కాస్త గొంతు తగ్గించింది. "మీరు వచ్చారు, మంచిదే. మీతో ఒక పని ఉంది."

చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఉడుత బడి వాళ్ల కాగితం. టీసీ కోసం పెట్టుకునే దరఖాస్తు. పేరు, తరగతి, పుట్టిన తేదీ, అన్నీ మేనత్త గుండ్రటి అక్షరాల్లో నిండి ఉన్నాయి. కింద సంతకం ఉన్నచోట ఎర్ర సిరాతో అడ్డంగా గీత.

"పొద్దున ఇచ్చాను. మధ్యాహ్నానికి తిప్పి పంపారు. లాయరు వీలునామా కాపీ ఒకటి బడికి కూడా పంపాడట. సంరక్షకుల సంతకం మీది కాదండీ అంది ఆ పెద్ద టీచరు. నాది కాదట." చూపుడు వేలితో ఎర్రగీతను నొక్కింది. "మీదట. పెట్టండి. ఈ గొడవ ఇంతటితో వదిలిపోతుంది. మీకూ, నాకూ."

టీచరమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. సంతకం పెట్టడం ఎంతసేపు? తనకు ఈ బరువు అక్కర్లేదని సోమవారం నుంచీ తనకు తానే చెప్పుకుంటోంది. పెడితే పిల్ల సొంత అత్త దగ్గరికి పోతుంది. అందులో తప్పేముంది?

కలం మూత తీసింది. మళ్లీ పెట్టింది.

"ఒకసారి లాయరు గారిని అడిగి పెడతాను."

"అడగండి. దానికేం. పదండి, నేనూ వస్తాను," అంది మేనత్త, చెప్పులు వేసుకుంటూ. "ఉడుతా, తలుపు గడియ పెట్టుకో."

ఉడుత దిగలేదు. "నేను రావద్దా?" అంది.

ఇద్దరాడవాళ్లూ ఒకేసారి నోరు తెరిచారు. ఒకరు "వద్దు" అన్నారు, ఒకరు "రా" అన్నారు. ఎవరు ఏది అన్నారో వాళ్లకే తెలియలేదు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయింది.

మెట్ల కింద బైండింగు షాపు. ఉడుత నాన్నది. షట్టరు సగం దించి ఉంది. లోపల పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు, దారపు ఉండలు, కత్తిరించిన అట్టముక్కలు. ఎండిపోయిన జిగురు వాసన వీధిలోకి వస్తోంది. మేనత్త అటు చూడకుండా గబగబా నడిచింది. టీచరమ్మ చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

రెండు నెలల కిందట ఒక సాయంత్రం ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. అప్పటికే జబ్బుతో మనిషి సగమయ్యాడు. చేతిలో సూది, ఒళ్లో విడివిడి కాగితాల కట్ట. పాఠం ముగించి మెట్లు దిగుతున్న తనను ఆపాడు.

"టీచరమ్మా, దీనికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా మీరు ట్యూటరుగా ఉంటారా?"

తను అప్పుడు గొడుగు కోసం వెతుకుతోంది. ఆరింటికి ఇంకో ఇంట్లో పాఠం ఉంది. "ఉండక ఎక్కడికి పోతానండీ," అంది.

"మాట కదా?"

"మాటే."

ఆయన తలూపి సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. తను రేఖాగణితం గురించి ఆలోచిస్తూ వెళ్లిపోయింది. ఈ సంగతి సోమవారం నుంచి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని అనుకున్నప్పుడల్లా, ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఆయన అడిగింది నిజం. తను ఒప్పుకున్నదీ నిజం. ఆయన అడిగినదానికే తను ఒప్పుకుందా అన్నదే తెలియదు.

లాయరుది రెండు వీధుల అవతల, మందుల షాపు మీద గది. నిలువెత్తు బీరువాల్లో చట్టం పుస్తకాలు. అన్నింటికీ ఒకే రకం గోధుమరంగు వీపు, బంగారు అక్షరాలు. వాటిని కట్టింది ఉడుత నాన్నే. ముప్ఫై ఏళ్ల పరిచయం వాళ్లది.

లాయరు కాగితం చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఈవిడ సంతకం పెట్టొచ్చా అనా మీ ప్రశ్న?"

"పెడితే చాలా అని," అంది మేనత్త.

"పెట్టొచ్చు. కానీ ఆ సంతకం చెల్లాలంటే ముందు ఈవిడ ట్యూటరుగా ఉండడానికి ఒప్పుకోవాలి. వచ్చే సోమవారం జడ్జి గారి ముందు ఒప్పుకుంటున్నానని చెప్పాలి. ఒప్పుకోనంటే ఈ సంతకానికి నా సంతకానికున్న విలువ కూడా లేదు."

టీచరమ్మకు ఒక క్షణం పట్టింది. "అంటే, పిల్లను పంపెయ్యాలన్నా ముందు నేను తీసుకోవాలా?"

"అదే తిరకాసు."

"అర్థం లేని మాట," అంది మేనత్త. "లాయరు గారూ, ఒక సంగతి తేల్చండి. నా తమ్ముడు రాసిందేమిటి? టీచరమ్మ ట్యూటరుగా ఉండాలి అని. అంతేనా? ట్యూటరంటే ట్యూషన్ చెప్పే మనిషి. ఈ వీధిలో ఎవరినడిగినా అదే చెబుతారు. చెప్పనివ్వండి. సెలవులకు పిల్ల వస్తుంది, అప్పుడు చెబుతుంది. దానికి బడివాళ్లు నా సంతకం కొట్టెయ్యడమేమిటి?"

లాయరు లేచి బీరువా తెరిచాడు. ఒక లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు కానీ తెరవలేదు.

"ఇది రోమన్ల చట్టం మీద పుస్తకం. పోయిన ఏడాది అట్ట ఊడిపోతే మీ తమ్ముడికిచ్చాను. వారంలో కావాలంటే రెండు నెలలు పెట్టుకున్నాడు. అడిగితే, చదువుతున్నానండీ అన్నాడు. కట్టే ప్రతి పుస్తకమూ చదివేవాడు, తెలుసుగా మీకు."

"తెలుసు. అన్నం చల్లారిపోయేది," అంది మేనత్త.

"వాళ్ల కాలంలో ట్యూటరుకు చదువుతో పనిలేదమ్మా. తండ్రి పోయిన చిన్నపిల్లను కనిపెట్టుకుని ఉండే మనిషి ట్యూటరు. పిల్లకున్న ఆస్తి చెడకుండా చూడాలి. పిల్ల తరఫున ఏ వ్యవహారమైనా ఈయన ఒప్పుకుంటేనే చెల్లేది. ఎవరుండాలో తండ్రే వీలునామాలో రాసిపోయేవాడు. చదువు చెప్పేవాళ్లు వేరు. బడికి వెంటబెట్టుకుని తీసుకెళ్లడానికి ఇంకొకడుండేవాడు, వాడు బానిస."

"మరి చదువెప్పుడొచ్చి చేరింది?" అంది టీచరమ్మ. ఆ ప్రశ్న తన నోటి నుంచి ఎందుకొచ్చిందో ఆమెకే వింతగా తోచింది. పాఠం వింటున్న పిల్లలా అడిగింది.

"చాలా వందల ఏళ్లకు. కాలేజీలొచ్చాయి. పద్నాలుగేళ్లకూ పదిహేనేళ్లకూ పిల్లలు ఇల్లొదిలి అక్కడే ఉండి చదివేవాళ్లు. ఒక్కొక్కడినీ ఒక పెద్దమనిషికి అప్పజెప్పేవాళ్లు. ఆ పిల్లవాడి నడవడికీ, ఖర్చుకీ ఆయనే పూచీ. ఆయన్నీ ట్యూటరే అన్నారు. పక్కనే ఉన్నాడు కాబట్టి చదువూ ఆయనే చెప్పాడు. ఆ తర్వాత, ఏమైందో, కనిపెట్టుకోవడం మెల్లగా జారిపోయింది. చదువు మిగిలింది. ఇప్పుడు గంటకింత అని వస్తారు, పోతారు." టీచరమ్మ వైపు చూసి, "తప్పుగా అనుకోకండి," అన్నాడు.

"నిజమే కదండీ," అంది టీచరమ్మ.

నిజమే. ఎవరింట్లోనూ గంట దాటి ఉండకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. పిల్లలు ఏం తిన్నారని అడగదు. ఎందుకేడ్చారని అడగదు. ఎక్కం ఎందుకు తప్పిందని మాత్రమే అడుగుతుంది. పరీక్షలైపోయాక ఏ ఇంట్లోనూ తన కుర్చీ ఖాళీగా కనిపించకూడదు. అలా బతికితే సుఖమని ఇరవై ఏళ్లుగా నమ్ముతోంది.

"జారిపోయిందని మీరే అంటున్నారు," మేనత్త పట్టు వదల్లేదు. "జారిపోయినదాన్ని మా వాడెందుకు ఎత్తుకుంటాడు? వాడు రాసింది ఇప్పటి మాటా, అప్పటి మాటా?"

"తెలియదమ్మా."

"రాయించింది మీరు కాదూ?"

"సంరక్షకురాలు అని రాద్దామన్నాను. వినలేదు. ట్యూటరు అనే ఉండనివ్వండి అన్నాడు. రెండర్థాలొస్తాయయ్యా అన్నాను. రానివ్వండి అన్నాడు." లాయరు కళ్లజోడు మళ్లీ దించుకున్నాడు. "ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పాత పద్ధతిలో ట్యూటరు పిల్లను తన ఇంట్లోనే పెట్టుకోవాలని లేదు. పిల్ల తల్లి దగ్గరో, చుట్టాల దగ్గరో పెరిగేది. అలా చూస్తే పిల్ల మీ దగ్గరుండొచ్చు, మాట మాత్రం ఈవిడది. మీ తమ్ముడు అలా అనుకున్నాడో, ఎలా అనుకున్నాడో నాకు చెప్పలేదు."

కింద మందుల షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

"మిమ్మల్ని ముందుగా అడిగాడా?" అన్నాడు లాయరు, టీచరమ్మతో.

మేనత్త కూడా తల తిప్పి చూసింది.

"గుర్తులేదు," అంది టీచరమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు మేనత్త నెమ్మదిగా నడిచింది. కూరగాయల బండి దగ్గర ఒకసారి ఆగింది, ఏమీ కొనలేదు. షాపు ముందుకు వచ్చాక సగం దించిన షట్టరు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"వాడికి తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాకు పదహారు," అంది, ఎవరితోనో అన్నట్టు. "స్నానం చేయించింది నేను. బడికి పంపింది నేను. ఈ మూడు నెలలూ దుప్పట్లు మార్చింది, మందులేసింది, ఒళ్లు తుడిచింది నేను. ఆసుపత్రి కాగితంలో రోగి తాలూకు ఎవరు అన్నచోట నా పేరే రాశాను. వాడు చూశాడు రాస్తుంటే. చూసి నవ్వాడు."

టీచరమ్మ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీ మీద నాకు కోపం లేదు. ఉందనుకోండి, అది వేరే సంగతి. కానీ నాకు తెలియాలి టీచరమ్మా. పిల్లను నేను చూడలేననుకున్నాడా? లేక నా మీద నమ్మకమే లేదా? పోయినవాడిని అడగలేను. మిమ్మల్ని అడిగితే గుర్తులేదంటున్నారు."

షట్టరు కింద నుంచి జిగురు వాసన అలాగే వస్తోంది.

"అడిగారు," అంది టీచరమ్మ.

మేనత్త చెయ్యి షట్టరు మీదే ఆగిపోయింది.

"పద్దెనిమిదేళ్లదాకా ట్యూటరుగా ఉంటారా అన్నారు. ఉంటానన్నాను. పాఠాలనుకున్నాను సిస్టరు గారూ. వేరే ఏమీ అనుకోలేదు. మాట కదా అన్నారు. మాటే అన్నాను."

"ఇందాక లాయరు ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకున్నట్టవుతుందని."

"ఒప్పుకున్నారు కదా మరి."

"ఒప్పుకున్నానా? నాకు తెలియడం లేదు."

మేనత్త ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకుంది టీచరమ్మ. తిట్టలేదు. రోగి నాడి చూసి పైకేమీ చెప్పని నర్సులా తల పక్కకు తిప్పుకుని మెట్లెక్కింది.

పైన ఉడుత ఒక అట్టపెట్టె విప్పేసింది. టేపు ఉండచుట్టి కింద పడి ఉంది. లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చదవకుండా కూర్చుంది.

"పెట్టె ఎందుకు విప్పావే?" అంది మేనత్త.

"స్కేలు కావాలి."

"స్కేలు కోసం మొత్తం విప్పాలా?"

"అది అడుగున ఉంది."

మేనత్త టేపు ఉండను కాలితో పక్కకు జరిపింది. టీసీ కాగితం మళ్లీ బల్ల మీద పెట్టింది. పక్కన కలం పెట్టింది. తను మాత్రం కూర్చోలేదు. ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి ఎప్పుడూ ఉడుతది. రెండోది టీచరమ్మది. ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. టీచరమ్మ వెళ్లి తన కుర్చీలోనే కూర్చుంది.

"ఉడుతా," అంది. "నువ్వేమంటావు?"

"దేని గురించి?"

"అత్తతో వెళ్లడం గురించి."

పిల్ల పుస్తకం మూసింది. "నాకు తెలియదు."

"వెళ్లాలని ఉందా, లేదా?"

"తెలియదని చెప్పాను కదా. మొన్న లాయరు తాతా నన్నే అడిగాడు. బళ్లో పెద్ద టీచరూ నన్నే అడిగింది. అత్త నన్నే అడిగింది. సోమవారం జడ్జి కూడా అడుగుతాడట. నాకెలా తెలుస్తుంది?" గొంతు పెంచలేదు. పిల్ల ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "మీరు కూడా అడక్కండి టీచరమ్మా. మీరు చెప్పండి. నాన్న రాసింది అందుకే కదా."

టీచరమ్మకు ఏ లెక్క దగ్గరా ఇంత చీకటిగా అనిపించలేదు. మేనత్త దగ్గర పిల్లకు లోటుండదు. రక్తసంబంధం. ఆవిడ మనసు కాస్త ముందే చూసింది, షట్టరు దగ్గర. తన గదిలో ఒక మడత మంచం, ఒక పొయ్యి, ఒక కిటికీ. పిల్లకు జ్వరమొస్తే ఏం చెయ్యాలో తెలియదు. ఈ బడి, ఈ కిటికీ గట్టు, కింద ఆ షాపు, ఇవన్నీ పిల్లకు ఇంకా కావాలేమో. అక్కర్లేదేమో. ఏ దారిన పోయినా తప్పు సమాధానమే వస్తున్నట్టుంది.

మేనత్త రెండడుగులు ముందుకు వేసి బల్ల అంచు పట్టుకుంది. ఇరవై రెండు రోజులుగా ఈ ఇంట్లో ఆవిడ ఎవరినీ ఏదీ అడగలేదు. అన్నీ తనే చేసింది, తనే నిర్ణయించింది.

"సరే," అంది. "వాడు మిమ్మల్ని అడిగాడు, మీరు ఉంటానన్నారు. ఏ అర్థంలో అన్నారో మీరూ వాడూ చూసుకోండి. నేనిప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను." ఆ మాట బయటికి రావడానికి ఆవిడకు కష్టమైంది. "పిల్లను నేను తీసుకెళ్లొచ్చా?"

జీవితంలో ఎవరూ టీచరమ్మను అలాంటి ప్రశ్న అడగలేదు. కలం వైపు చెయ్యి చాచింది. సంతకం పెడదామనే చాచింది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"వద్దు," అంది.

ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "ఇప్పుడే వద్దు," అని కలిపింది. కలిపాక ఆ రెండు మాటల్లో ఏది తన మాటో తెలియలేదు. కలం వేళ్ల మధ్యే ఉంది. కాగితం మీద ఎర్రగీత పక్కన ఖాళీ అలాగే ఉంది.

మేనత్త బల్ల వదిలేసింది. వాదించలేదు. పెట్టెల మధ్య నిలబడి, ఇక ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియని దానిలా చుట్టూ చూసింది.

టీచరమ్మ ఉడుత వైపు తిరిగింది. పిల్ల ముఖంలో హాయి కనిపిస్తుందనుకుంది. కనీసం భారం దిగిన గుర్తయినా.

ఉడుత ఆమెనే చూస్తోంది. ఇందాకటి వరకు లేని మాటేదో ఇప్పుడే దొరికినట్టు పెదవులు కదిపింది.

"నాకు అత్తతో వెళ్లాలనే ఉంది టీచరమ్మా," అంది మెల్లగా. "మీరు వద్దనేదాకా నాకు తెలియలేదు."